గుండీల గోడ

ఏప్రిల్ 6

పిడుగుకి,

మేనత్త చెప్పగా పక్క కొట్టు దర్జీ రాస్తున్న ఉత్తరం.

నువ్వు పంపిన లాప్‌టాప్ అందింది. పైన చుట్టిన బుడగల కవరు బాగుంది, లోపలిదే బాగాలేదు. ఒసే, దీన్ని ఇంతకుముందు ఎవరు వాడారే? మూత తెరవగానే మీటల సందుల్లో బిస్కట్ పొడి, తలవెంట్రుకలు, ఒకచోట కొరికి పడేసిన గోరుముక్క. గోరే! కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. పాత పళ్ళబ్రష్షు తీసుకుని ఒక పూటంతా తోమాను. ఇంకొకళ్ళ ఎంగిలి మీద వేళ్ళు పెట్టి నేను పని నేర్చుకోవాలా? పంపేముందు ఒక్కసారి దులపాలని అంత చదువు చదివినదానివి నీకు తోచలేదా?

సరే, ఈ లాప్‌టాప్ అడిగింది ఎందుకో చెబుతాను, విను. ఫోనులో నువ్వు గబగబా మాట్లాడతావు. నా కుడి చెవికి సగం అందుతుంది, ఎడమ చెవికి అదీ లేదు. కాగితమైతే దర్జీ చేత పదిసార్లు చదివించుకోవచ్చు.

మా పాత మార్కెట్ పడగొడుతున్నారు. వెనకాల కొత్త భవనం లేచింది. అందులో కొట్టు కావాలంటే కమిటీ ఒక రూలు పెట్టింది. సరుకంతా కంప్యూటర్లో ఎక్కించాలి. కొట్టు ఎవరి పేరున కావాలో వాళ్ళే కమిటీ ముందు కూర్చుని, అడిగిన సరుకు అందులో వెతికి చూపించాలి, కొత్తది ఒకటి చేర్చి చూపించాలి. పక్కవాళ్ళు సాయం పట్టకూడదు. మే పద్దెనిమిదిన పరీక్ష. చెయ్యలేనివాళ్ళ కొట్టు, చెయ్యగలిగినవాళ్ళ పేరుకి మారిపోతుంది.

ఈ రూలు తెచ్చినవాడు సెక్రటరీ. వాణ్ణి మేమంతా తడివేలు అంటాం. కాగితం తిప్పినప్పుడల్లా వేలు నోట్లో పెట్టి తడి చేసుకుంటాడు. నా కొట్టు కాగితాల మీద ముద్రలకన్నా వాడి ఉమ్ము మరకలే ఎక్కువ. మొన్న వచ్చి, ఆ వేలే నా బల్ల మీద ఆనించి, "పెద్దమ్మా, ఈ వయసులో నీకెందుకీ గోల? మా బామ్మర్ది పేరున రాయించేస్తాను. నువ్వు స్టూలేసుకుని హాయిగా కూర్చుని గుండీలు అమ్ముకో" అన్నాడు. నా కొట్లో నేను వాడి బామ్మర్ది దగ్గర జీతానికి కూర్చోవాలట! నలభై ఒక్క ఏళ్ళు నిలువుకాళ్ళ మీద నడిపిన కొట్టు ఇది. వాడు వెళ్ళాక ఆ బల్ల మూడుసార్లు తుడిచాను, అయినా అటువైపు చెయ్యి పెట్టబుద్ధి కాలేదు.

పరీక్షలో మాటలు కూడా అడుగుతారట. ఫోల్డర్ అంటే ఏంటి, సేవ్ అంటే ఏంటి అని. ఒక్కొక్క మాటా ఏం పని చేస్తుందో రాసి పంపు. నాకు అక్షరం రాదు గానీ, బుర్ర లేదని ఎవరూ అనలేదు.

ఉంటాను,
మేనత్త

(నేను దర్జీని. గోరు సంగతి నిజమే. నేనూ చూశాను.)


ఏప్రిల్ 12

అత్తయ్యకు,

నీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. అది మా శిక్షణ కేంద్రంలో మార్చేసిన పాత మిషన్. ఎంతమంది విద్యార్థుల చేతులు పడ్డాయో నాకే తెలియదు. ఆ గోరు మాత్రం నాది కాదు, ఒట్టు. దయచేసి తడిగుడ్డ పెట్టకు, లోపలికి నీళ్ళు పోతే చచ్చిపోతుంది.

ఇక మాటలు. భయపడకు అత్తయ్యా, చాలా తేలిక. కంప్యూటర్ ఒక అందమైన ఇల్లు అనుకో. మూత తెరవగానే కనిపించే తెర డెస్క్‌టాప్, అంటే మన ఇంటి వాకిలి. వాకిట్లో చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి, అవి ఐకాన్లు. అవి మనల్ని లోపలికి పిలిచే స్నేహితులు! ఫైల్ అంటే ఒక కాగితం. ఫోల్డర్ అంటే కాగితాలు దాచుకునే సంచి. మీటల కింద నున్నటి చదరం ఉందే, అది టచ్‌ప్యాడ్. దాని మీద వేలు జరిపితే తెరమీద బాణం జరుగుతుంది, ఆ బాణం కర్సర్, నీ చూపుడువేలు అనుకో. ఒక బొమ్మని నొక్కిపట్టి జరిపితే డ్రాగ్ చెయ్యడం. చేసిన పని ఉండిపోవాలంటే సేవ్ అనాలి, లేకపోతే మర్చిపోతుంది. వద్దనుకున్నది డిలీట్ చేస్తే రీసైకిల్ బిన్ అనే చెత్తబుట్టలోకి వెళ్తుంది. కావాలంటే మళ్ళీ తీసుకోవచ్చు. మూత వేస్తే స్లీప్, అంటే నిద్ర. పూర్తిగా ఆపితే షట్ డౌన్. ఏం చేసినా కదలకుండా నిలిచిపోతే హ్యాంగ్ అయిందంటారు, కంగారుపడకూడదు. వైరస్ అంటే దానికొచ్చే జబ్బు. పాస్‌వర్డ్ అంటే తాళంచెవి, నువ్వు తప్ప ఎవరూ తెరవకుండా.

మా క్లాసులో పెద్దవాళ్ళకి నేను ఇలాగే కథలా చెబుతాను. వాళ్ళకి భలే సరదా. రోజుకి రెండు మాటలే నేర్చుకో, సరేనా? తొందరేం లేదు.

ప్రేమతో,
నీ మేనకోడలు


ఏప్రిల్ 22

పిడుగుకి,

తొందరేం లేదా? పరీక్ష మే పద్దెనిమిదిన అని రాయించాను కదే. చదివావా, లేక గోరు దగ్గరే ఆగిపోయావా?

నీ ఉత్తరం దర్జీ చదువుతుంటే, గుడ్డ కుట్టించుకోవడానికి వచ్చిన నర్సు పక్కనుంచి విని నవ్వింది. "పెద్దమ్మకి ఎవరో బాలశిక్ష పంపారు" అంది. బొమ్మలు నన్ను పిలిచే స్నేహితులా? ఛీ! డెబ్బై రెండేళ్ళదాన్ని. ముగ్గురికి పెళ్ళిళ్ళు చేసి పంపాను, మొగుణ్ణి కాటికి పంపాను. నాకు లాలిపాట పాడకు. వంకాయకి వంకాయ అని చెప్పు, అర్థం చేసుకుంటాను.

పోనీ, నీ కథ పక్కన పెట్టి పని చూశాను. ఎంత రోత మిషనే ఇది! నేను ఉంచమని చెబితేనే ఉంచుతుందట, చెప్పకపోతే మర్చిపోతుందట. నా కొట్లో అరలో గుండీ వేస్తే, నేను దానికి ప్రత్యేకంగా దండం పెట్టకపోయినా తెల్లారి అక్కడే ఉంటుంది. ఇంకా, పారేసినవి చెత్తబుట్టలోంచి మళ్ళీ తీసి వాడుకోవడం! థూ. ఆ పద్ధతి కనిపెట్టినవాడి వంటిల్లు ఎలా ఉంటుందో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. మూత వేస్తే నిద్రపోతుందన్నావు. నిద్రపోయేది చల్లగా పడి ఉండాలి గానీ, జ్వరం వచ్చినట్టు పొట్ట కాలిపోతూ బుసకొట్టడం ఏంటి? దానికి జబ్బులు కూడా అంటుకుంటాయా? రోగిష్టిదాన్ని నా ఇంటికి తోలావన్నమాట.

సరుకు ఎక్కించడం మొదలుపెట్టాను. మూత పైన చిన్న కన్ను ఉంది చూడు, దానికి ఎదురుగా గుండీ పట్టుకుంటే ఫోటో తీస్తుంది. గుండీతో పాటు వెనక నా మొహం కూడా పడింది. కింద నుంచి తీస్తే నా ముక్కు గేదె ముక్కులా ఉంది. ఇంత వికారంగా ఉంటానని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి మాత్రం చాపుతున్నాను.

పాస్‌వర్డ్ పెట్టాను. దర్జీని కళ్ళు మూసుకోమని పెట్టాను. అది ఏ అక్షరాలో నాకే తెలియదు, నా వేలికి తెలుసు. పై వరసలో మూల మీట దగ్గర మొదలుపెట్టి కిందకి వచ్చి పక్కకి తిరుగుతుంది, అంతే.

మన కొట్లో ఎన్ని అరలో అన్ని ఫోల్డర్లు చేశాను, యాభై మూడు. ఇంకో సంగతి. డెస్క్‌టాప్ అంటే వాకిలి అన్నావు. కాదు. అది

(నేను దర్జీని. ఇక్కడ ఆవిడ కొట్టులో అరల గురించి అరగంట చెప్పారు. మూడో కాగితం కూడా నిండిపోతోంది, కవరు బరువు ఎక్కుతుంది, అందుకని రాయలేదు. సారాంశం: డెస్క్‌టాప్ ఆవిడకి బాగా అర్థమైంది.)

అర్థమైందా? అది గుర్తుపెట్టుకో. మిగతా మాటలు ఈసారి ముసలాళ్ళకి రాసినట్టు రాయి.

మేనత్త


మే 1

అత్తయ్యకు,

కోప్పడకు. ఈసారి మంచి వార్త.

ఆదివారం నువ్వు మోకాలి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు, ఛార్జింగ్ కోసం లాప్‌టాప్ మూత వెయ్యకుండా, తెరిచే దర్జీగారి కొట్లో పెట్టావటగా. ఆయనకి ఫోన్ చేసి రెండు మీటలు నొక్కించాను. నీ తెర మొత్తం ఇక్కడ నా తెర మీద కనిపించింది! దీన్ని రిమోట్ అంటారు. దూరం నుంచే అక్కడి పని చెయ్యవచ్చు.

అత్తయ్యా, చూడగానే నాకు ఏడుపొచ్చింది. పాపం, ఎంత కష్టపడ్డావో! యాభై మూడు ఫోల్డర్లు, అన్నిటికీ ఒకటే పేరు, కొత్త ఫోల్డర్, కొత్త ఫోల్డర్ అని. తెరంతా చెల్లాచెదురు. మధ్యలో ఖాళీలు. ఇలా ఉంటే పరీక్షలో ఏది వెతుకుతావు? అందుకే మూడు గంటలు కూర్చుని మొత్తం సర్దేశాను. ఒక్కొక్కటీ తెరిచి, లోపల ఏముందో చూసి, చక్కటి పేరు పెట్టాను. అక్షరాల వరసలో అమర్చాను. నల్ల గుండీలవి మూడు ఫోల్డర్లు ఉంటే కలిపేసి ఒకటి చేశాను. ఇక మీద ఏవీ చెదిరిపోకుండా వాటంతట అవే వరసలో నిలబడేలా ఒక ఏర్పాటు కూడా చేశాను. వెనకాల గులాబీ తోట బొమ్మ పెట్టాను. ఇప్పుడు ఎంత ముద్దుగా ఉందో చూడు!

ఇంకొకటి. మీ సెక్రటరీగారు నాకు ఫోన్ చేశారు. నంబరు దర్జీగారి దగ్గర తీసుకున్నారట. మర్యాదగానే మాట్లాడారు. "మీ మేనత్తగారు రాత్రింబవళ్ళు ఆ మిషను ముందు కూర్చుని ఆరోగ్యం పాడుచేసుకుంటున్నారు, మీరైనా చెప్పండి" అన్నారు. నువ్వు కష్టపడుతున్న మాట నిజమేనన్నాను. మరీ భారమైతే ఆయన చెప్పినట్టు చెయ్యడంలో తప్పేముంది అత్తయ్యా? పేరు కాగితం మీదే కదా. కొట్లో కూర్చునేది నువ్వే.

మోకాలు ఎలా ఉంది?

ప్రేమతో,
నీ మేనకోడలు


మే 4

తమ్ముడి కూతురికి,

నువ్వు నా కొట్టు కూల్చేశావు. తడివేలు ఇంకా గునపం పట్టనేలేదు, నువ్వే ముందు కూల్చావు.

మూత తెరిచాను. ఎవరి కొంపకో వచ్చానేమో అనుకున్నాను. వెనకాల ఆ ఎర్రటి పువ్వులు, ముందు బారు తీరి నిలబడ్డ ఫోల్డర్లు. చొక్కా గుండీ ఎక్కడ? హుక్కులు ఎక్కడ? ప్రతిదాని కింద ఏదో రాసి పెట్టావు. రాసింది నేను ఏం చేసుకోను, తల కింద పెట్టుకోనా? ఒక్కొక్కదాన్నీ వేలితో పట్టి దాని చోటికి లాగాను. వదలగానే పరిగెత్తుకెళ్ళి మళ్ళీ నీ వరసలో నిలబడుతోంది! పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా లాగాను. చెప్పిన మాట వినని పిల్లల్ని చూశాను గానీ, ఇంత మొండిదాన్ని చూడలేదు.

అసలు నీకు చెప్పాను కదా అని దర్జీని నిలదీశాను. అప్పుడు బయటపడింది. కవరు బరువెక్కుతుందని నా మాట మింగాడట! నా ఉత్తరంలో నా మాటకి కత్తెర వెయ్యడానికి ఈయనెవరు, నేనేమైనా పంట్లామా? ఇప్పుడు మళ్ళీ చెబుతున్నాను. రాయవయ్యా, అలా చూడకు, ప్రతి ముక్కా రాయి.

డెస్క్‌టాప్ అంటే గోడ. నా కొట్లో కౌంటర్ వెనక ఉన్న గోడ. అందులో పైనుంచి కిందకి ఏడు అరలు, అడ్డంగా ఎనిమిది. మూడో నిలువులో మధ్య మూడు అరలు లేవు, అక్కడ భవనం స్తంభం ఉంది. అందుకే యాభై ఆరు కాదు, యాభై మూడు. ఎడమ పైమూల చంటిపిల్లల గౌన్ల హుక్కులు. దాని కింద చొక్కా తెల్లవి, నాలుగు కన్నాలవి. స్తంభం దాటితే కోటువి. ఏ అర మీదా ఏమీ రాసి లేదు, ఎప్పుడూ లేదు. గిరాకీ అడుగుతుండగానే నా చెయ్యి వెళ్ళిపోతుంది, నేను తల కూడా తిప్పను. ఆ గోడని ఉన్నదున్నట్టు తెర మీదకి దించాను. చెల్లాచెదురు అన్నావే, అది చెల్లాచెదురు కాదు. మధ్యలో ఖాళీ అన్నావే, అది స్తంభం. రెండు వారాలు పట్టింది. కళ్ళు మూసుకుని బాణం జరిపినా ఏ గుండీ కావాలంటే ఆ గుండీ దొరికేది.

నల్లవి మూడూ ఒకటేనా? ఒకటి రెండు కన్నాల చొక్కాది, ఒకటి కోటుది, ఒకటి వానకోటుకి వేసే రబ్బరుది. అన్నీ కలిపి ఒక కుప్ప పోశావు. మా కొట్లో తడివేలు బామ్మర్ది కూర్చుంటే సరిగ్గా అదే చేస్తాడు.

వాడితో మాట్లాడావా? నన్నడక్కుండా నా సంగతి ఆ ఉమ్మువేలు వాడితో మాట్లాడి, పేరు కాగితం మీదే కదా అని నాకే నీతులు చెబుతున్నావా? నీకు జీతం వచ్చే కాగితం మీద మీ ప్రిన్సిపల్ బామ్మర్ది పేరు రాయించి చూడు, ఎలా ఉంటుందో. నా మీద జాలిపడ్డావు చూడు, గోరుముక్క కన్నా అదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

ఇంక పద్నాలుగు రోజులుంది. నువ్వు రాయకు. నీ గులాబీలు నువ్వు తీసుకెళ్ళు.

మేనత్త

(నేను దర్జీని. తప్పు నాదే. ఈ ఉత్తరంలో ఒక్క మాట కూడా వదల్లేదు.)


మే 7

అత్తయ్యకు,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటీ చదివించుకో. దర్జీగారూ, ముందు ఈ పేరా చదవండి, ఆవిడ వేలు టచ్‌ప్యాడ్ మీద ఉన్నప్పుడు చదవండి.

గోడలో ఏ ఫోల్డరూ లేని ఖాళీ చోటుకి బాణం తీసుకెళ్ళు. నున్నటి చదరాన్ని రెండు వేళ్ళతో కలిపి ఒకసారి తట్టు. నిలువుగా ఒక పట్టీ తెరుచుకుంటుంది. అందులో అన్నిటికన్నా పైన ఉన్నదాని మీద బాణం పెట్టు. పక్కన ఇంకో పట్టీ తెరుచుకుంటుంది. అందులో పైన మూడు ఉంటాయి, తర్వాత సన్నటి గీత. గీత కింద మొదటిది. దాని పక్కన టిక్కు గుర్తు ఉంటుంది. దాని మీద ఒకసారి నొక్కు. టిక్కు పోతుంది. ఇక నువ్వు లాగిన చోటే ఉంటాయి, పరిగెత్తవు.

నల్లవి మూడూ నేను విడదీయను. నాకు తేడా తెలియదు. నువ్వే విడదియ్యాలి. మళ్ళీ నీ తెరలోకి రాను. రిమోట్ తీసేయమని దర్జీగారికి చెప్పాను.

సెక్రటరీకి ఫోన్ చేశాను. నా మేనత్త కొట్టు నా మేనత్త పేరునే ఉంటుందని, ఇంకోసారి నాకు ఫోన్ చెయ్యవద్దని చెప్పాను. "అంత కోపం దేనికమ్మా" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నిజంగానే చెయ్యి కడుక్కోవాలనిపించింది.

ఒక సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. నా క్లాసుకి వచ్చే పెద్దవాళ్ళు మూడో రోజుకే మానేస్తారు. వాళ్ళకి ఓపిక లేదనుకునేదాన్ని. భలే సరదా పడతారని నీకు రాశానే, అబద్ధం. ఇల్లు, వాకిలి, స్నేహితులు అంటూ ఒక పుస్తకం కూడా అచ్చు వేయించాను. నిన్న దాన్ని తెరిచి నాలుగు పేజీలు పైకి చదువుకున్నాను. వెగటు పుట్టింది.

నీ మేనకోడలు


మే 26

అత్తయ్యకు,

పరీక్ష అయి వారం దాటింది. కోపం అలాగే ఉంచుకో, ఏమైందో మాత్రం చెప్పు. దర్జీగారూ, ఆవిడ చెప్పకపోతే మీరైనా ఒక్క ముక్క రాయండి.

నీ మేనకోడలు


జూన్ 3

పిడుగుకి,

కొట్టు నా పేరునే వచ్చింది. ముందు అది విని ఊపిరి పీల్చుకో. ఆలస్యం ఎందుకో చివర చెబుతాను.

నువ్వు చెప్పిన పట్టీ, గీత కింద మొదటిది, దొరికింది. టిక్కు పోయింది. మొదటిదాన్ని లాగి వదిలాను. అక్కడే నిలబడింది. ఆ ఉత్తరంలో స్నేహితులూ లేరు, వాకిళ్ళూ లేవు, ఏది ఎక్కడుందో అదే ఉంది. అలా రాస్తే ఎవరు మానేస్తారే నీ క్లాసు? నాలుగు రోజుల్లో గోడ మళ్ళీ కట్టేశాను. గులాబీలు మాత్రం ఎలా తియ్యాలో తెలియక అలాగే ఉంచాను. చూసినప్పుడల్లా చిరాకు.

పరీక్ష కమిటీ ఆఫీసులో. ముగ్గురు కూర్చున్నారు, స్టీలు సామాను కొట్టు ప్రెసిడెంటు, తాళాల కొట్టావిడ, మధ్యలో తడివేలు. వాడి ముందు ప్రశ్నల కాగితాలు, అప్పటికే మూలలన్నీ తడిసి మెత్తబడ్డాయి. నాకన్నా ముందు చెప్పుల కొట్టతను కూర్చున్నాడు. పట్టభద్రుడు. ఒక జత వెతకడానికి పేర్లన్నీ చదువుకుంటూ చదువుకుంటూ చెమటలు కక్కాడు. అయినా వాణ్ణి పాస్ చేశారు.

నేను కూర్చోగానే తడివేలు, "పెద్దమ్మా, ఫోల్డర్ అంటే ఏంటి?" అన్నాడు.

"అర."

"అలా కాదు. సరిగ్గా చెప్పాలి."

"అర కాకపోతే నువ్వు చెప్పు, నేర్చుకుంటాను."

కాగితంలో చూసుకున్నాడు. నోట్లో వేలు పెట్టుకున్నాడు, తిప్పాడు. "సరే, సేవ్ అంటే?"

"దీనికి మతిమరుపు. ఉంచమని చెబితే ఉంచుతుంది, చెప్పకపోతే పారేస్తుంది. ఆ చెప్పడమే సేవ్."

తాళాలావిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

"డిలీట్?"

"మా మార్కెట్‌కి మీరు చేస్తున్నది. దీనికి చెత్తబుట్ట అయినా ఉంది, మాకు అదీ లేదు."

ప్రెసిడెంటు దగ్గి, "సరుకు అడగవయ్యా, పొద్దుపోతోంది" అన్నాడు. స్కూలు చొక్కా తెల్లది అన్నాడు తడివేలు. చూపించాను. కోటు నల్లది అన్నాడు. చూపించాను. వాడి నోట్లోంచి మాట పూర్తయ్యేలోపు ఫోటో తెర మీద ఉంది. అయిదు అడిగాడు, అయిదూ అంతే. వానకోటు రబ్బరుది కూడా అడిగాడు, నువ్వు కలిపేసినదాన్ని నేను విడదీసి ఉండకపోతే నా పని అయిపోయేది.

అప్పుడు వాడికో ఎత్తు తోచింది. "దాని కింద ఏదో రాసి ఉంది, చదువు" అన్నాడు.

"రాదు" అన్నాను.

"చూశారా! చదవడం రానిది రేపు కొట్టు ఎలా నడుపుతుంది?"

"నడిపింది ఇప్పుడు చూశావు కదరా. చదవాలని మీ రూల్లో ఉందా? ఉంటే చదివి వినిపించు, నాకెలాగూ రాదు."

రూలు కాగితం కోసం వెతికాడు. ఒక కాగితం, వేలు నోట్లోకి. ఇంకో కాగితం, మళ్ళీ నోట్లోకి. తాళాలావిడ అది లాక్కుని, అంచు రెండు గోళ్ళతో పట్టుకుని చదివింది. "వెతికి చూపించాలి, చేర్చి చూపించాలి. అంతే ఉంది. చదవాలని లేదు."

"అయితే చేర్చి చూపించమనండి" అన్నాడు.

చేర్చడానికి కొత్త గుండీ కావాలి కదా. నేను తెచ్చినవన్నీ లోపల ఉన్నవే. వాడి చొక్కా రెండో గుండీ దారానికి వేలాడుతోంది. బల్ల మీదుగా వంగి పుటుక్కున పీకాను. జిడ్డు, ఎప్పుడు ఉతికాడో ఏమో, వేళ్ళకి అంటుకుంది. లాప్‌టాప్ కంటి ఎదురుగా పట్టుకుని ఫోటో తీశాను, నాసిరకం ప్లాస్టిక్ అరలో వేశాను, సేవ్ కొట్టాను. "ఇది ఎవరైనా అడిగితే ఇక మా కొట్లో ఉంది" అన్నాను. ప్రెసిడెంటు సంతకం పెట్టేశాడు.

చివర్లో పేరు ఖాయం చెయ్యడానికి ఒక చిన్న మిషను మీద అందరూ వేలు నొక్కాలట. యాభై ఏళ్ళుగా వేలిముద్ర అని నన్ను వెక్కిరించినవాళ్ళంతా వరసగా నిలబడి వేలు నొక్కారు. నాది ఒక్కసారికే పట్టింది. తడివేలుది నాలుగుసార్లు నొక్కినా పట్టలేదు. "తుడుచుకుని రా" అంది తాళాలావిడ.

ఇంతవరకూ విని సంతోషపడతావని తెలుసు. ఇప్పుడు రెండోది విను.

పరీక్ష అయిన రెండో రోజే పాత మార్కెట్ పడగొట్టారు. అరలు ఇటుకల్లోకి కట్టినవి, ఊడదీయడానికి లేదు. మేస్త్రీ ఒక అర లాగి నా చేతికిచ్చాడు, చెదలు తిని ఉంది, చేతిలోనే పొడి అయింది. కొత్త కొట్లో చెక్కపని చేయించకూడదట, నిప్పు భయమట. బూడిదరంగు ఇనుప ర్యాకులు మూడు, వాటిలో ప్లాస్టిక్ డబ్బాలు. ఎక్కడ చూసినా కొత్త రంగు వాసన, ముక్కు పగిలిపోతోంది. డబ్బాకో చీటీ, చీటీ మీద అచ్చు అక్షరాలు. సరుకంతా అక్షరాల వరసలో కూలీల చేత సర్దించి పెట్టాడు తడివేలు.

మొదటి రోజే ఒకావిడ వచ్చి చంటిపిల్ల గౌనుకి హుక్కులు అడిగింది. నా చెయ్యి ఎడమ పైకి వెళ్ళింది. ఇనుము తగిలింది. చూస్తే అక్కడేమీ లేదు, గాలి. రెండో ర్యాకు చూశాను, మూడో ర్యాకు చూశాను. ఆవిడ నిలబడే ఉంది. "రేపు రామ్మా" అన్నాను. నలభై ఒక్క ఏళ్ళలో నేను ఎవరికీ రేపు రమ్మని చెప్పలేదు. నా పేరున ఉన్న కొట్లో నేను దొంగలా తడుముకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అందుకే రాయించలేదు.

లాప్‌టాప్ తెరిచాను. గోడ ఉంది. స్తంభం చోటు ఖాళీతో సహా ఉంది. ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు, ఎంగిలి గోళ్ళతో వచ్చిన ఈ రోత పెట్టెలోనే ఉంది. ఇనుప ర్యాకులు నా చేతికి అలవాటు కావాలంటే డబ్బాలు నా పద్ధతిలో మళ్ళీ సర్దుకోవాలి, తెర మీద కూడా అలాగే జరుపుకోవాలి. అది నేను చెయ్యగలను. కానీ జరిపితే పాత గోడ ఇందులోంచి కూడా పోతుంది. జరపకపోతే వచ్చినవాళ్ళందరికీ రేపు రమ్మని చెబుతూ కూర్చోవాలి, తడివేలు బామ్మర్ది ఎదురుగా ప్లాస్టిక్ కవర్ల కొట్లో కూర్చుని చూస్తూనే ఉన్నాడు.

రెండూ ఉంచుకోవడానికి మీవాళ్ళ దగ్గర ఏదైనా మాట ఉందా? ఉంటే అది రాయి. లేకపోతే లేదని రాయి, ఓదార్చకు.

మేనత్త


జూన్ 6

అత్తయ్యకు,

ఉంది. దాని పేరు రెండో యూజర్. ఒకే లాప్‌టాప్‌లో రెండు డెస్క్‌టాప్‌లు. మూత తెరవగానే ఎడమ కింది మూలలో రెండు గుండ్రటి గుర్తులు కనిపిస్తాయి. పైది నొక్కితే పాత గోడ. కిందది నొక్కితే కొత్త ర్యాకులు. ఒకదానిలో జరిపితే రెండోది కదలదు.

అది పెట్టడానికి అరగంట పడుతుంది, ఉత్తరంలో కుదరదు. శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. రెండు రోజులు సెలవు పెట్టాను. ముందు డబ్బాలు సర్దుకుందాం, తర్వాత తెర.

నేను ఏదీ ముట్టుకోను. నువ్వు జరుపు. ఏది ఎక్కడికి వెళ్తుందో, ఎందుకు అక్కడికే వెళ్తుందో నువ్వు చెబుతుంటే నేను పక్కన స్టూలు మీద కూర్చుని రాసుకుంటాను.

నీ మేనకోడలు